కాకిగడ

పెన్న ఒడ్డున ఉన్న ఆ మిషను పేటలో తెల్లవారిందని చెప్పడానికి చర్చి గంట ఒకటి, విశ్వాసమ్మ పిలుపు ఒకటి ఉండేవి. గంట కొట్టే మనిషి అప్పుడప్పుడూ మొద్దునిద్ర పోయేవాడు. విశ్వాసమ్మ మాత్రం తప్పేది కాదు. పెరట్లో పాతిన గడ కింద నిలబడి, తగరపు గిన్నెలో పిడికెడు కొర్రన్నం వేసి, తాడు లాగి గిన్నెను పైకి పంపి, తల ఎత్తి పిలిచేది.

"గాహా జియో, బుదా జెఫు."

కాకీ రా, అన్నం తిను అని అర్థం. కడప నుంచి కర్నూలు దాకా ఇల్లిల్లూ గాలించినా ఆ అర్థం తెలిసిన మనిషి ఇంకొకరు దొరికేవాళ్లు కాదు. పిలిచాక ఆమె కాసేపు అట్లాగే నిలబడేది. కాకుల కోసం చూస్తోందని పేటవాళ్లు అనుకునేవాళ్లు. కాకులకేం, అవి ఎప్పుడో వచ్చి గిన్నె అంచు మీద కొట్లాడుకుంటూ ఉండేవి. ఆమె చూసేది బదులు కోసం.

అది ఒక్కరు పలికే మాట కాదు. ఆమె పుట్టింట్లో అవ్వ పిలిచేది, పిల్లలు బదులు పలికేవాళ్లు. బదులు పలకందే పిలుపు పూర్తికాదని అవ్వ అనేది.

ఆ ఇల్లు ఉండింది చీనా రాజధాని పెకింగులో. నానా దేశాల సైన్యాలు ఆ పట్నం మీద పడిన ఏడాది ఇంటిల్లిపాదీ పోయారు. మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. ఒక డాక్టరు దొరసాని చేరదీసింది. ఆమెను కడప జిల్లాకు మారిస్తే పిల్ల కూడా ఆమె వెంట ఓడెక్కి వచ్చింది. అసలు పేరు ఏదో ఉండేది. ఎవరికీ నోరు తిరగక, బాప్తిస్మమిచ్చి విశ్వాసమ్మ అన్నారు.

వచ్చిన రోజు బడి పిల్లలతో పాటు కూర్చోబెట్టి పళ్లెంలో కొర్రన్నం పెట్టారు. పిల్ల దాన్ని వేలితో తాకి చూసి వెక్కివెక్కి ఏడ్చింది. తిండి నచ్చలేదేమోనని వంటమనిషి కంగారు పడింది. అవ్వ కాకులకు వేసే గింజ అదేనని, సముద్రం దాటి వచ్చినా అదే గింజ ఎదురైందని ఆ పిల్ల ఏ భాషలో చెప్తుంది?

పేటంతా ఆమెను చీనా పిల్ల అనేవాళ్లు. తెలుగు వచ్చాక ఆమె సరిదిద్ద చూసింది. "మేం చీనావాళ్లం కాదు, మంచూలం" అంది. మంచులో పుట్టినవాళ్లు కాబోలని నవ్వేసి ఊరుకున్నారు. ఒకసారి దొరసాని దీపం పెట్టెతో గోడ మీద బొమ్మలు వేసి, చీనాలో ఆడపిల్లల పాదాలు గుడ్డలతో బిగించి కట్టేస్తారని చూపించింది. అందరూ తిరిగి విశ్వాసమ్మ కాళ్ల వైపు చూశారు. జానెడుకు మించిన పాదాలు, శుభ్రంగా ఉన్నాయి. మంచూ ఆడవాళ్లు పాదాలు కట్టుకోరు. చెవికి మూడు పోగులు మాత్రం పెట్టుకుంటారు. ఆ మూడు కుట్లూ ఆమె చెవులకు ఉన్నాయి. కానీ రాయలసీమలో చెవి నిండా కుట్లుండే ఆడవాళ్లకు కొదవా? ఎవరూ వింతపడలేదు.

వింతపడాల్సింది వేరే ఉంది. మంచూలు ఉత్తరాన అడవుల్లో గుర్రాల మీద, విల్లంబులతో బతికిన జాతి. కిందికి దిగివచ్చి పెకింగును పట్టుకొని, చీనా దేశాన్ని రెండున్నర నూరేళ్లకు పైగా ఏలారు. ఏలినవాళ్లకు ఒక ఇబ్బంది ఉంటుంది. చుట్టూ ఉన్న జనం భాష మెల్లగా వాళ్ల నోళ్లలోకి వచ్చి, సొంత భాషను బయటికి నెట్టేస్తుంది. విశ్వాసమ్మ నాయన రాజు సైన్యంలో జీతం కింద గింజలు తీసుకునే మంచూ. అయినా ఇంటా బయటా చీనా మాటే మాట్లాడేవాడు. ఉత్తరం నుంచి కోడలుగా వచ్చిన అవ్వ ఒక్కతే పాతభాష మనిషి. తమ మూలపురుషుడు చిన్నతనంలో శత్రువులకు చిక్కకుండా పరుగెత్తుతూ పడిపోతే, కాకులు వచ్చి ఒంటినిండా వాలాయని, ఎండు మొద్దు అనుకొని శత్రువులు దాటిపోయారని అవ్వ చెప్పేది. అందుకే మంచూల ముంగిట్లో గడ పాతి, దాని కొనన కాకులకు తిండి పెడతారు.

పెద్దయ్యాక విశ్వాసమ్మ ఆసుపత్రిలో ఆయాగా చేరింది. ఆసుపత్రి బండి తోలే ఏసేపుకిచ్చి పెళ్లి చేశారు. ఏసేపు మంచివాడు. ఆమె కథంతా విని, అహోబిలం వైపు బండి కట్టినప్పుడు నల్లమల నుంచి చక్కటి టేకు వాసం తెచ్చి పెరట్లో పాతాడు. కొనకు పాతబావి గిలక బిగించి తాడు వేశాడు. ఆ పొద్దు ఆమె ఆనందం పట్టలేక అడిగింది.

"నేను పిలుస్తా. నువ్వు బదులు చెప్పు, నేర్పిస్తా."

"నాకు నోరు తిరగదులేమ్మే" అని నవ్వి ఎద్దులకు నీళ్లు పెట్టడానికి పోయాడు.

అడవిలోంచి వాసం మోసుకొచ్చినవాడికి రెండు ముక్కలు పలకడం బరువైంది. మగవాళ్లతో ఇదే చిక్కు.

ఆమె ఒంటరిగానే పిలవడం మొదలుపెట్టింది. బదులు మాత్రం తాను పలికేది కాదు. రెండూ తానే పలికితే అవతల ఎవరూ లేరని ఒప్పుకున్నట్టేనని ఆమెకు తోచింది.

గోడ అవతల ఇల్లు సంఘపెద్ద లేవిది. అతని భార్య రాహేలమ్మకు కాకులంటే గిట్టదు. ఎండబెట్టిన మిరపకాయల మీద ఎముక ముక్కలు పడేస్తున్నాయని రోజూ గోల. ఒకరోజు లేవి వచ్చి గడ కింద నిలబడ్డాడు.

"ఇది పిండం పెట్టినట్టే ఉండాది విశ్వాసమ్మా. హిందువులు పెద్దలకు పెట్టేదే కదా. సంఘంలో ఉండి ఇట్లా చేస్తే యాడైనా ఒప్పుతారా?"

"చచ్చినోళ్లకు కాదు పెద్దప్పా. కాకులకే పెడతాండా" అంది ఆమె.

చచ్చినవాళ్లకు కాకుండా ఒట్టి కాకులకు అన్నం పెట్టే మనిషి ఉంటుందని సంఘం నమ్మలేదు. గడ పీకేదాకా ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి, రాకూడదని తీర్మానించారు. ఏసేపు తల వంచుకొని కూర్చున్నాడు. ఆమె గడ పీకలేదు. నెలకోసారి బల్ల పెట్టినప్పుడు రొట్టె, గిన్నె వరస వెంబడి వచ్చి ఆమె ముందు బెంచీ దగ్గర ఆగిపోయేవి. ఏసేపు తీసుకొనేవాడు. ఆమె చివరి బెంచీలో చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చునేది.

తర్వాత చీనా రాజు గద్దె దిగిపోయాడని, అక్కడి కొత్త ప్రభుత్వం క్రైస్తవుల ప్రార్థనలు కోరిందని వార్త వచ్చింది. చర్చిలో స్తుతి కూడిక పెట్టారు. ఆ ఒక్కరోజు విశ్వాసమ్మను ముందుకు పిలిచి నిలబెట్టారు. "మీ దేశానికి మంచి రోజులొచ్చినాయి" అని అందరూ అన్నారు. ఆ దిగిపోయిన రాజు తన జాతివాడే. కొన్ని ఊళ్లలో మంచూలను వెదికి వెదికి చంపారని, బతికినవాళ్లు పేర్లు మార్చుకొని దాక్కుంటున్నారని ఆమెకు దొరసాని ముందే చెప్పింది. విశ్వాసమ్మ నిలబడి ఏడ్చింది. సంతోషం పట్టలేకపోతోందని పేటంతా మురిసిపోయింది. అంతమందిలో ఆమెంత ఒంటరి ఆ రోజు ఇంకెవరూ లేరు.

ఏళ్లు గడిచాయి. పిల్లలు పుట్టారు కానీ నిలవలేదు. దొరసాని తన దేశానికి వెళ్లిపోయింది. ఏసేపు కలరాతో పోయాడు. మనుషుల వెంబడే మాటలూ పోయాయి. కుండను ఏమంటారో మరిచిపోయింది. చెల్లిని ఏమని పిలిచేదో మరిచిపోయింది. ఒకరోజు, ఎందుకో భయమేసి, బదులు మాట మనసులోనే అనుకుందామని చూస్తే అది కూడా దొరకలేదు. అల్లాడుతూ రోజంతా వెదికింది. పిలుపు ఒక్కటే మిగిలింది. అది కూడా పోతే తాను మంచూనని చెప్పడానికి తన దగ్గరే ఆధారం ఉండదని, దాన్ని ఇంకా గట్టిగా పిలిచేది.

స్వతంత్రం వచ్చిన వానకాలంలో ఆమెకు విషజ్వరం తగిలింది. నాలుగు మెతుకులు తిని లేచి కూర్చునే సమయానికి లేవి వాకిట్లో నిలబడి ఉన్నాడు. ముసలివాడయ్యాడు. చేతికర్రతో నేల గీరుతూ చాలాసేపు నసిగాడు.

"అమ్మా, చర్చి ముందర జెండా ఎగరేయల్లంట. పేటలో అంత చక్కటి గడ ఇంకోటి లేదు. దానికి గిలక కూడా ఉండాది."

పీకమని సంఘం చేత చెప్పించిన గడ. ఆమెకు నవ్వొచ్చింది, కానీ నవ్వే ఓపిక లేదు. "తీసకపో పెద్దప్పా" అంది. కుర్రవాళ్లు పెకలించుకొని పోయారు. జెండా బాగా ఎగిరిందని అందరూ చెప్పుకున్నారు.

మరుసటి పొద్దున అలవాటు కొద్దీ గిన్నెలో కొర్రన్నం తీసుకొని గోడ పట్టుకుంటూ పెరట్లోకి వచ్చింది. గడ ఉన్న చోట గుంట ఉంది. కాకులు వాలడానికి చోటు లేక గోడ మీద, చూరు మీద అరుస్తున్నాయి. ఆమె గుంట పక్కన నిలబడి తల ఎత్తింది. నోరు తెరిచింది. ఏమీ రాలేదు.

మొదటి మాట ఏది? మళ్లీ తెరిచింది. నాలుక కదిలింది కానీ మాట లేదు. జ్వరం తీసుకుపోయిందో, గడతో పాటే పోయిందో, అవ్వ ఇచ్చిన చివరి ముక్క కూడా పోయింది. అవ్వ ముఖం గుర్తు తెచ్చుకోవాలని చూసింది, అదీ సరిగా రాలేదు.

గోడ అవతల రాహేలమ్మ ఊడుస్తోంది. ఆమె కూడా ముసలిదే. ముప్పై ఏళ్లకు పైగా ఆ పిలుపు వినీ వినీ విసుక్కున్న మనిషి. ఇవాళ పిలుపు రాకపోయేసరికి చీపురు ఆపి, గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏం విశ్వాసక్కా, ఇంకా పిలచలే? నీ కాకులన్నీ వచ్చి నా మిరపకాయల మింద పడినాయి చూడు."

విశ్వాసమ్మ తల అడ్డంగా ఊపింది. కళ్లనిండా నీళ్లు. రాహేలమ్మ ఏమనుకుందో, చీపురు గోడకు ఆనించి, తలెత్తి, కొంచెం సిగ్గుపడుతూ, అచ్చం విశ్వాసమ్మ పిలిచినట్టే సాగదీస్తూ పిలిచింది.

"గాహా జియో... బుదా జెఫు."

పెకింగు విడిచాక ఇంకొకరి నోట ఆ భాష ఆమె చెవిన పడడం అదే మొదటిసారి. ఆలోచించే లోపలే, ఎవరో వెనక నుంచి తట్టినట్టు, సన్నటి పసిగొంతుతో ఆమె నోటి నుంచి వచ్చింది.

"జిహే, జిహే."

కాకులు గోడ దిగి గుంట చుట్టూ చేరాయి. ఆమె గిన్నెను నేల మీద పెట్టి అక్కడే కూర్చుండిపోయింది. గట్టిగా ఏడ్చింది.

"ఏమంటివక్కా?" అంది రాహేలమ్మ భయపడి.

"వచ్చింది, వచ్చింది అని."

"నేను తప్పు పిలిచినానా?"

"లేదు." విశ్వాసమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "రేపట్నుంచి నువ్వే పిలువు రాహేలా. నేను ఇంట్లో చిన్నదాన్ని. బదులు చెప్పేదే నా పని."