ఏడో ఫోటో

కొండ మీది సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం పన్నెండూ నలభై. కింద క్యాంపు నుంచి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. ఎనిమిది మందిమి, అందరి నడుముకూ ఒకే తాడు. ఎత్తు పదిహేడు వేల అడుగుల పైమాటే. నా వీపు మీద ఇరవై రెండు కిలోల బరువు. స్లీపింగ్ బ్యాగు, తూటాలు, కిరోసిన్ డబ్బా. అన్నిటికీ పైన మందపాటి పాలిథిన్ సంచిలో కంపెనీ కెమెరా.

ఆ చోటు పేరు చెప్పను. చెప్పకూడదు. మంచు, మంచు కింద రాయి, రాయి చాటున రెండు బంకర్లు. మాది మాచర్ల. ఎండాకాలం పంపు తిప్పితే వేణ్ణీళ్ళు వచ్చే ఊరు. అలాంటి ఊరివాణ్ణి, అక్కడ మొదటి అరగంట బూటు లేసు కూడా విప్పుకోలేకపోయాను.

కెమెరా నా చేతికి ఎందుకొచ్చిందో చెప్పాలి. మాచర్ల స్టేషను రోడ్డులో మా నాన్నకు ఫోటో స్టూడియో ఉండేది. పటాలంలో చేరేదాకా నేను అందులోనే పనిచేశాను. ఆ సంగతి ఎవరో కంపెనీ కమాండర్ చెవిన వేశారు. ఇంకేముంది, రైఫిలుతో పాటు కెమెరా కూడా నా మెడకు తగిలింది. పైకెళ్ళే ప్రతివాడికీ ముందుగా ఒక ఫోటో తీసి ఫైల్లో పెడతారు. ఫైలు ఫోటో అంటాం. అది దేనికో ఎవరూ అడగరు. ఏదన్నా అయితే దండ వేసేది దానికే.

పోస్ట్ కమాండర్ కొండప్రాంతం మనిషి. మాటలు తక్కువ. నా సంచి చూసి హిందీలో మూడే ఆజ్ఞలు ఇచ్చాడు.

"కొండ గీత కనపడకూడదు. బంకర్ కనపడకూడదు. యాంటెన్నా కనపడకూడదు."

"మరేం కనపడాలి సాబ్?"

"మనిషి."

సామాను మోసుకొచ్చినవాళ్ళు దిగిపోయాక పోస్టులో తొమ్మిది మందిమి. తెలుగు మాట్లాడేది ఇద్దరమే. నేనూ, రేడియో ఆపరేటరూ. కృష్ణానదికి ఇటు మా ఊరు, అటు వాళ్ళ ఊరు. సాగర్ దాటి గంటసేపు పోతే వాళ్ళిల్లు. నన్ను చూడగానే బంకర్ లోపలి నుంచే కేకేశాడు.

"ఏందిరా మాచర్లా, మీ ఊర్ల గింత చలి ఉంటదా?"

"ఐసు ఫ్యాక్టరీలో గూడా ఉండదురా. నువ్వేంది, మూడు వారాల నుంచి ఇక్కడ పడుండి ఇంకా నవ్వుతున్నావు?"

"నవ్వకపోతే మూతి గడ్డగడ్తది."

ఆ పూట నుంచి నా పేరు మాచర్లే. రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు విశ్రాంతి. గంట గంటకూ అతను కిందికి రేడియోలో చెప్పేవాడు, "పోస్ట్ నుంచి బేస్‌కు. అంతా బాగానే ఉంది. ఓవర్." చలికి కెమెరా బ్యాటరీలు చచ్చిపోతాయి. రెండిట్లో ఒకటి ఎప్పుడూ నా చంకలో ఉండేది. పెళ్ళాం బిడ్డలకన్నా దాన్నే దగ్గరగా పెట్టుకున్నావంటూ వంటవాడు ఎగతాళి చేసేవాడు.

తొమ్మిదో రోజు ఉదయం పోస్ట్ కమాండర్ పిలిచాడు. రేడియో ఆపరేటర్ ఒక జబ్బుపడ్డ మనిషి బదులు హడావుడిగా పైకొచ్చాడు. అతనికి ఫైలు ఫోటో లేదు. మర్నాడు కిందికి దిగేవాళ్ళతో పంపాలి, తీయమన్నాడు.

పదీ ఇరవైకి బయటికి తీసుకెళ్ళాను. చలి కొలిచే మీటరు సున్నాకు ఇరవై రెండు డిగ్రీల కింద ఉంది. ఎడమ నుంచి గాలి. వెనక ఉత్త మంచుగోడ ఉన్నచోట నిలబెట్టాను. ముఖం మీది ముసుగు తీశాడు, కళ్ళద్దాలు తీశాడు. కోటు టోపీ గాలికి ముందుకు పడుతోంది. దాన్ని చేత్తో వెనక్కి పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు. మందపాటి గ్లౌజు చెంప సగం కప్పేసింది.

"గ్లౌజు తియ్యి," అన్నాను.

తీశాడు. కుడిచెయ్యి.

మొదటి ఫోటో తీశాను. వెనక చిన్న తెర మీద పెద్దది చేసి చూశాను. బాగుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఫైలుకు అంతకంటే ఏం కావాలి? అక్కడితో ఆపాల్సింది. కానీ అప్పుడే ఎడమవైపు మబ్బు పలచబడటం మొదలైంది. ఇంకాస్త ఆగితే ఎండ అతని చెంప మీద పడుతుంది. అలాంటి వెలుగు నా జీవితంలో మళ్ళీ దొరకదనిపించింది. నాకు ఆ ఫోటో కావాలి. ఫైలుకు కాదు, నాకు.

మా స్టూడియో పనిలో ఒక చిన్న మాయ ఉంది. నాన్న నేర్పాడు. పల్నాట్లో కెమెరా పట్టిన ప్రతివాడికీ అది తెలుసు. ఇంకో ఫోటో కావాలంటే పెళ్ళికొడుకుతో నాకు నచ్చలేదు, మళ్ళీ నిలబడండి అనం. అంటే విసుక్కుంటాడు. కళ్ళు మూశారండీ అంటాం. తప్పు తనదే అనుకుని బుద్ధిగా నిలబడతాడు.

"కళ్ళు మూశావురా," అన్నాను. "ఇంకోటి."

"గాలి కొడ్తున్నదిరా. తియ్యి, తియ్యి."

రెండోది. మూడోది. నాలుగోది తీయగానే బ్యాటరీ పోయింది. చంకలోది తీసి మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. "చెయ్యి దించబాక, ఫ్రేము మారిపోద్ది," అన్నాను. దించలేదు. అయిదోది, ఆరోది.

"మళ్ల మూసిన్నా?"

"మూశావు."

"థూ, నా కండ్లు పాడుగాను." నవ్వాడు. మళ్ళీ తనే అన్నాడు, "ఇప్పుడు మంచిగుందిరా. చెయ్యి గుంజుడు బందయింది."

పైకి పంపేముందు మాకు రెండు వారాలు ఇదే నూరిపోశారు. చలికి నొప్పి పుడుతున్నంతసేపూ ఫరవాలేదు, నొప్పి ఆగిందంటే వెంటనే కప్పు, లోపలికి తీసుకుపో. ఆ పాఠంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. అతని మాట విన్నాను. అర్థమైంది కూడా. అంతలో ఎండ వచ్చింది. ఏడోది నొక్కాను. టైము పదీ ముప్ఫై ఒకటి.

గ్లౌజు వేసుకోబోతే అతని వేళ్ళు వంగలేదు. భుజం పట్టుకుని బంకర్‌లోకి లాక్కుపోయాను. మందులు చూసే జవాను ఆ చెయ్యి చూసి అరిచాడు.

"రుద్దొద్దు! స్టవ్ దగ్గరికి తేవద్దు! గోరువెచ్చని నీళ్ళు పెట్టండి!"

గిన్నెలో చెయ్యి ముంచి నలభై నిమిషాలు కూర్చోబెట్టాం. ముందు బొటనవేలు, తర్వాత పక్కన రెండు ఎర్రబడ్డాయి. రక్తం తిరిగేటప్పుడు పుట్టే నొప్పికి అతను కేకలు పెట్టాడు. ఆ కేకలు వింటూ నేను మిగతా రెండు వేళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను. ఉంగరం వేలూ, చిటికెన వేలూ కొవ్వొత్తుల్లా తెల్లగా అట్లాగే ఉండిపోయాయి.

రేడియో నేను పట్టుకున్నాను.

"పోస్ట్ నుంచి బేస్‌కు. ఒకరికి ఫ్రాస్ట్‌బైట్. కుడిచెయ్యి, రెండు వేళ్ళు. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"బేస్ నుంచి పోస్ట్‌కు. ఇవాళ మబ్బు. రేపు కూడా అనుమానమే. కట్టు తడవనివ్వకండి. ఓవర్."

పోస్ట్ కమాండర్ ఎలా జరిగిందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆపరేటర్ పడుకున్నచోటి నుంచే జవాబిచ్చాడు. "నా తప్పే సాబ్. కళ్ళు మూసుకుపోతుంటే మళ్ళీ మళ్ళీ తీయాల్సి వచ్చింది."

కమాండర్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. "ఫోటో తీయమన్నది నేను. రిపోర్టులో అదే రాస్తాను," అన్నాడు. రాశాడు కూడా. కెమెరా మాత్రం తీసుకుని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. మూడో రోజు ఉదయం ఎనిమిదీ పదిహేనుకు హెలికాప్టర్ వచ్చి అతన్ని తీసుకుపోయింది. రెండు వేళ్ళూ ఆసుపత్రిలో తీసేశారు.

మిగతా డెబ్భై రోజులు కాపలా కాశాను. కిందికి దిగాక అధికారులు కెమెరాలోని మెమరీ కార్డు పరిశీలించారు. కొండ గీత ఎక్కడా లేదు. ఆ ఏడు ఫోటోలూ ఉంచుకోమని నాకే ఇచ్చారు.

సర్వీసు పూర్తయ్యాక మాచర్ల వచ్చి నాన్న స్టూడియో మళ్ళీ తెరిచాను. ఏడో ఫోటో పెద్దది చేసి గోడకు పెట్టాను. దాన్ని చూసి జనం నాకు టీ ఇప్పించేవారు. ఆపరేటర్ కూడా ఊరికి వచ్చేశాడు. అప్పుడప్పుడూ సాగర్ దాటి వచ్చి, ఆ ఫోటో ముందు కూర్చుని కబుర్లు చెప్పి వెళ్ళేవాడు. నన్ను ఏనాడూ ఒక్కమాట అనలేదు. అనడానికి అతనికి తెలిస్తేగా!

మొన్న ఎండాకాలం తన కూతురికి స్కూలు ఫోటో తీయించడానికి తీసుకొచ్చాడు. పదేళ్ళ పిల్ల. స్టూలు మీద కూర్చోబెట్టి తల నిమిరాడు.

"కండ్లు పెద్దగ తెరువు బిడ్డా. మీ నాయిన మూసుకునుడుతోనే గదా వేళ్లు పోయినయి."

ఆ పిల్ల కళ్ళు ఎంత పెద్దవి చేసిందంటే నీళ్ళొచ్చాయి. నేను నొక్కలేకపోయాను. లైటు పాడయిందని అబద్ధం చెప్పి, మర్నాడు రమ్మన్నాను. నా అబద్ధాన్ని తన తప్పుగా మోస్తున్నాడు, దాన్ని పిల్లకు కూడా పంచుతున్నాడు. చెప్పేయాలి అనుకున్నాను. ఎక్కడ ఆ ఫోటో వల్ల నన్ను మెచ్చుకుంటున్నారో అక్కడే, నలుగురిలో, అతను వింటుండగా.

అవకాశం నరసరావుపేటలో దొరికింది. జిల్లా ఫోటోగ్రాఫర్లం ఒక హాలు తీసుకుని ప్రదర్శన పెట్టుకున్నాం. ఒక్కొక్కరిదీ ఒక్క ఫోటో. దాని పక్కన నిలబడి అది తనకేమిటో రెండు నిమిషాలు చెప్పాలి. ప్రదర్శన ఏర్పాట్లు చూసే పెద్దాయనకు పేటలో నలభై ఏళ్ళ స్టూడియో. ముందే ఫోన్ చేశాడు.

"నీ ఫోటో కింద ధైర్యం అని రాయిస్తన్నా అబ్బాయ్."

"వద్దు బాబాయ్. ఏడో ఫోటో అని రాయించు."

"అదేం పేరురా? ముందరి ఆరూ ఏమైనయ్?"

"అక్కడే చెప్తా."

ఆపరేటర్‌కూ ఫోన్ చేశాను. నువ్వు వినాల్సిన మాట ఒకటుంది, రమ్మన్నాను. మొదటి బస్సుకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మూడో వరసలో చివరి కుర్చీ.

నా ముందు పిడుగురాళ్ల ఫోటోగ్రాఫర్ మాట్లాడాడు. సున్నపు బట్టీ దగ్గర తట్ట ఎత్తుతున్న మనిషి ఫోటో. తలా ముఖమూ అంతా తెలుపు. "అందరూ పౌడరు పూసుకుందా అని అడుగుతారు," అన్నాడు. "మా అమ్మండీ. నా మొదటి కెమెరా ఆ తట్ట మోసే కొన్నది." అంతే, దిగిపోయాడు. చప్పట్లు చానాసేపు కొట్టారు.

నేను వెళ్ళి నా ఫోటో పక్కన నిలబడ్డాను.

"మనందరం ఒక మాట అంటాం," అన్నాను. "ఇంకో ఫోటో కావాలంటే కళ్ళు మూశారండీ అంటాం."

హాలంతా నవ్వింది. నలభై మంది ఫోటోగ్రాఫర్లు, దొరికిపోయిన దొంగల్లా ఒకరినొకరు పొడుచుకున్నారు. నేను ఆగలేదు. మీటరు ఎంత ఉందో చెప్పాను. గాలి ఎటునుంచో చెప్పాను. గ్లౌజు తీయమన్నది నేనని చెప్పాను. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అప్పుడు మూడో వరస చివరికి తిరిగి, అతని కళ్ళలోకి చూస్తూ చెప్పాను.

"నువ్వు ఒక్కసారి గూడా కళ్ళు మూయలేదురా. మొదటిదే బాగొచ్చింది. ఎండ కోసం నిన్ను నిలబెట్టా. నొప్పి ఆగిందన్నావు, అదేందో తెలిసే ఏడోది నొక్కా. తప్పు నీది కాదు, నాది. ఈ మాట నీ కూతురికి చెప్పు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసలో పేట బాబాయ్ తలవంచుకున్నాడు. ఆపరేటర్ లేచాడు. జనం దారి ఇచ్చారు. వచ్చి నా ముందు ఆగాడు. గోడ మీది ఫోటో వైపు చూడలేదు.

"మొదటిది ఉన్నదా?"

ఆ పొద్దున్నే ప్రింటు వేసి జేబులో పెట్టుకున్నాను. అన్నేళ్ళలో దాన్ని కాగితం మీదికి తేవడం అదే మొదటిసారి. తీసిచ్చాను. చాలాసేపు చూశాడు. అందులో ఎండ లేదు. గాలికి చెంపలు కమిలిన ఒక మనిషి, కళ్ళు బాగా తెరిచి, నవ్వు ఆపుకుంటున్నాడు.

"గిది మంచిగనే ఉన్నది గదరా," అన్నాడు.

తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణేమో. తిట్టలేదు. దాన్ని పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. తర్వాత ఏం మాట్లాడుకున్నామో, ఏ బస్సెక్కి ఇంటికొచ్చానో సరిగా గుర్తులేదు. కళ్ళముందు నుంచి కదలనిది అదొక్కటే. కాగితం మీద, టోపీ అంచున అయిదు వేళ్ళు. ఆ కాగితాన్ని పట్టుకున్న చేతికి మూడు.