అమ్మ భాషలో చదివినాయన

ఉత్తర మద్రాసులో, వ్యాసర్పాడి రైల్వే యార్డుకు దగ్గర్లో ఉన్న తెలుగు మీడియం బడిలో నేను సైన్సు మాస్టర్ని. తొంభైలు మొదలయ్యేసరికి నా తరగతిలో పిల్లల్ని లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు చాలేవి. ఇంకొక్కరు పోయినా సెక్షన్ ఎత్తేస్తారని హెడ్మాస్టరు రోజూ నా చెవిన వేసేవాడు.

నా దగ్గరో కథ ఉండేది. ఒక తమిళ శాస్త్రవేత్త జీవితం. తర్వాత్తర్వాత ఆయన దేశానికే పెద్దయ్యాడు గానీ, అప్పటికింకా అప్పుడప్పుడూ పేపర్లో ఫోటో పడే శాస్త్రవేత్తే. వారపత్రికలో చదివిన నాలుగు ముక్కలకు నేను మసాలా బాగానే దట్టించాను. వీధి దీపం కింద చదివాడని చెప్పేవాణ్ణి. ఆ వీధి దీపం నా సొంతం. ఆఖర్న చెప్పే మాట మాత్రం పత్రికలో ఉన్నదే. "ఆయన చదివింది అమ్మ భాషలో!" ఆ మాట పలికేటప్పుడు నా గొంతు నాకే ముద్దొచ్చేది.

ఒక సంవత్సరం, ఎనిమిదో తరగతి పాసైన ఒక పిల్ల తండ్రి టీసీ కోసం వచ్చాడు. యార్డులో మూటలు మోసే మనిషి.

"ఈడ తెలుగు చదివి ఏం చేస్తాది సార్? తమిళ్ బడిలో ఏసేస్తాను."

ఆ పిల్ల తరగతిలో అందరికంటే చురుకు. నేను పాఠంలో తప్పు చెబితే మొహం మీదే చెప్పేసేది. ఆ రోజే టీసీ రాయించి ఇవ్వాల్సింది. రేపు రమ్మన్నాను. ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయి, గడప మీద కూర్చుని కథంతా చెప్పాను. పిల్ల రెప్ప వేయకుండా విన్నది. తండ్రి తల గోక్కున్నాడు.

"అంత పెద్దాయనే అట్ల చదివినాడంటే సరే సార్. మీరు చెప్తే సరి."

పిల్ల కోసం చెప్పానా, నా సెక్షన్ కోసం చెప్పానా అని వాళ్లు అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

పదిలో బడికి ఫస్టు వచ్చింది. ఆ పైన పదకొండో తరగతికి, అంటే ప్లస్ వన్‌లో తెలుగులో సైన్సు గ్రూపు దొరకదు. ఆ సంగతి గడప మీద కూర్చున్న నాడే నాకు తెలుసు. తమిళం గడగడా మాట్లాడుతుంది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను.

మాట్లాడుతుంది, నిజమే. రాయడం రాదు. వేరే బడిలో, తమిళ మీడియంలో, ఆఖరి బెంచీలో కూర్చుంది. నేను త్వరణమని నేర్పింది అక్కడ ముడుక్కం అయింది. టీచరు చెప్పే తమిళాన్ని తెలుగు అక్షరాల్లో నోట్సు రాసుకునేది. అది చూసి ఎంత తెలివైన పిల్లో అని మురిసిపోయాను, బుద్ధిలేనివాణ్ణి.

అర్ధ సంవత్సరం పరీక్షలో ఫిజిక్సు పేపరంతా అట్లాగే రాసింది. దిద్దినవాళ్లకు ఒక్క అక్షరం అర్థం కాక సున్నా వేసి ఇచ్చారు. ఆ పేపరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఖాళీగా ఇచ్చేదానికి మనసు రాలేదు సార్."

అక్కడే కూర్చుని దిద్దాను. నూటికి ఎనభై దాటాయి. ఆ మాట చెబితే నవ్వలేదు.

"ఆయన అమ్మ భాషలో చదివినాడంటిరే సార్?"

"అవునమ్మా."

"ఆయనమ్మ మాట్లాడేది తమిళమే కదా సార్."

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది.

పొంగల్ సెలవుల తర్వాత ఆ పిల్ల బడికి పోలేదు. బట్టల కంపెనీలో బొత్తాలు కుట్టే పనికి కుదిరింది. తండ్రి మాత్రం దారిలో కనిపిస్తే ఇంకా నాకు దండం పెట్టేవాడు. అంత సిగ్గు నేను జీవితంలో పడలేదు. రెండేళ్లకు సెక్షన్ ఎట్లాగూ మూసేశారు. నాకు తమిళం రాయడం వచ్చు గనక నన్ను తమిళ బడికి మార్చారు. నా ఉద్యోగానికి ఏ లోటూ రాలేదు.

ఆయన పేరు దేశమంతా మారుమోగిన రోజుల్లో, ఆ బడి ప్రార్థనలో ఆయన గురించి నన్ను మాట్లాడమన్నారు. తమిళంలో చెప్పాను. వీధి దీపం తీసేశాను. ఆఖరి మాట ఉంచాను. "ఆయన చదివింది అమ్మ భాషలో" అన్నాను.

పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. వాళ్లకు ఆ మాట నిజమే.