మంగళవారం మేడమ్

ఆదివారం ఉదయం దోసెలు వేసుకుంటుండగా ఫోన్ వచ్చింది. మేడమ్ నంబరే, కానీ మాట్లాడింది వాళ్ళాయన. "సార్, మీ మేడమ్ ఇగ లేదు. రాత్రి ఛాతీల నొప్పన్నది. దవాఖానకు తీస్కపోయేలోపే పాణం పోయింది" అన్నారు. గొంతు నిబ్బరంగా ఉంది. అప్పటికే ఆ నాలుగు మాటలూ చాలామందికి చెప్పి ఉంటారు. నేనూ ఏదో నిబ్బరంగానే జవాబిచ్చి పెట్టేశాను. మా ఆవిడకు చెబితే ఆమె స్టవ్ ఆపేసి కాసేపు పెనం వైపే చూస్తూ నిలబడింది. తర్వాత అడిగిన మొదటి మాట, "మంగళవారం పాపకు ఏం చెప్దాం?"

పోయిన మనిషి గురించి అడగాల్సిన మొదటి మాట అది కాదని మీకు అనిపించవచ్చు. మా ఇంట్లో మాత్రం అదే.

మా అమ్మాయికి పదేళ్ళు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ, ఉన్నవాటిని పొదుపుగా వాడుతుంది. మేడమ్ తనకు బిహేవియర్ థెరపీ టీచర్. నిజానికి ఆవిడ మాకు టీచర్. పాపకు ఏది ఎలా నేర్పాలో మా ఇద్దరికీ నేర్పేవారు. మిగతా రోజుల్లో ఇంట్లో మేం చేసేవాళ్ళం. మంగళవారం, శుక్రవారం వచ్చి మేం ఎంత చెడగొట్టామో చూసుకునేవారు. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి, రాయదుర్గంలో దిగి, షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడలో ఉన్న మా అపార్ట్‌మెంటుకు చేరేవారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ప్రతిసారీ మాకు ఫోన్ చేసి పంపమంటారా అని అడిగేవాడు. వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించేది. "ఇన్నేండ్ల సంది వస్తున్న, ఇంకా అనుమానమేనా తమ్మీ?"

మొదటిరోజు రెండు చేతులకీ గాజులతో వచ్చారు. అప్పుడు పాపకు నాలుగేళ్ళు. గాజుల చప్పుడుకు చెవులు మూసుకుంది. మేడమ్ గాజులన్నీ తీసి సంచిలో వేసుకుని నేల మీద కూర్చున్నారు. పాప కుక్కర్ మూత రబ్బరును తిప్పుకుంటోంది. మేడమ్ ఒక పళ్ళెం అడిగి తీసుకుని, ఆవిడా తిప్పుకుంటూ కూర్చున్నారు. గంట గడిచింది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, తప్పులు పట్టడమే నా ఉద్యోగం. ఆ గంటలో ఆవిడ చేసిన పని ఏదైనా ఉందా అని వెతికాను. దొరకలేదు.

"ఇవాళ ఏం నేర్పారు మేడమ్?" అని వెళ్ళేముందు అడిగాను, కాస్త వెటకారంగానే.

"నేనేం నేర్పలె సార్. నేనే నేర్చుకున్న. ఆమెకు గుండ్రటివి ఇష్టం. గాజుల చప్పుడు ఇష్టం లేదు. ఒక్కరోజుకు చాలదా?"

ఆ తర్వాత ఎప్పుడూ మా గడప దాటేముందే గాజులు తీసి సంచిలో వేసుకునేవారు. పోయేటప్పుడు లిఫ్ట్ దగ్గర మళ్ళీ తొడుక్కునేవారు. నాకు ఆవిడంటే మొదట్లో కోపం, తర్వాత కొన్నాళ్ళు భయం. ఇష్టం ఎప్పుడు మొదలైందో గమనించలేదు.

మా అమ్మ అనంతపురం నుంచి వచ్చి మూడు నెలలున్నప్పుడు మేడమ్‌కూ ఆమెకూ పెద్ద యుద్ధమే జరిగింది. అప్పటికి పాప ఏదీ అడిగేది కాదు, అడగాల్సిన అవసరం మేం రానిచ్చేవాళ్ళం కాదు. ఆకలి వేస్తుందనే అనుమానం వచ్చేలోపే మా అమ్మ చెక్కలు తెచ్చి చేతిలో పెట్టేసేది. కావలసినదాని ఫొటో తెచ్చి మన చేతికిస్తేనే వస్తువు ఇవ్వాలన్నది మేడమ్ పెట్టిన పద్ధతి.

"ఏమ్మా, నా మనవరాలికి చెక్క పెట్టేదానికి గూడా చీటీ కావల్లా? నాకు చేతగాదు ఆ పని" అంది మా అమ్మ.

"ఇయ్యుండ్రి పెద్దమ్మా, ఎవరొద్దన్నరు? జర ఆగి ఇయ్యుండ్రి. గంతే."

"ఎంతసేపు ఆగల్ల?"

"మీకు ఏడుపొచ్చేదాక."

మా అమ్మ నవ్వలేదు, కానీ ఆ సాయంత్రం ఆగింది. చెక్కల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, పాప వైపు చూస్తే మనసాగదని గోడ వైపు తిరిగి కూర్చుంది. పాప ఆమె చుట్టూ తిరిగింది, కొంగు లాగింది, కింద పడి దొర్లింది. మేడమ్ వెనక కూర్చుని, ఫొటో ఉన్న వైపుకు పాప మోచేతిని మెల్లగా తోస్తూ ఉన్నారు. చివరికి పాప చెక్క ఫొటో తీసి మా అమ్మ అరచేతిలో పెట్టింది. మా అమ్మకు నిజంగానే ఏడుపొచ్చింది. చెక్క ఒకటి ఇవ్వమని మేడమ్ చెబుతూనే ఉన్నారు, ఈవిడ డబ్బా మొత్తం బోర్లించేసింది. "అంతా పాడు జేసినవు పెద్దమ్మా" అంటూ మేడమ్ కింద పడ్డవాటిలోంచి తనకొకటి తీసుకుని తిన్నారు.

ఆవిడ సాధువేం కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. టీలో చక్కెర తగ్గితే ముఖం ముడుచుకునేవారు. మా ఇంటి విషయాల్లో అడగకుండానే తీర్పులు చెప్పేవారు. ఒకసారి మా ఆవిడను నా ముందే కడిగేశారు. రోజంతా పాపతో పాఠంలాగే మాట్లాడుతూ, బంతి ఏ రంగు, చెంచా ఎక్కడ అని అడుగుతూ, మా ఆవిడకు మామూలు మాట మరిచిపోయినట్టయింది. అన్నం కలుపుతూ కూడా అదే గొంతు. మేడమ్ వినీ వినీ, "ఆమెకు టీచర్ని నేనున్న గద. అమ్మ ఒక్కతే ఉన్నది. నువ్వు గూడ టీచరైతే ఇగ అమ్మెవరు?" అన్నారు. మా ఆవిడ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ రాత్రి నుంచి పాప తల దువ్వేటప్పుడు ఏ ప్రశ్నా అడగడం లేదు, ఊరికే దువ్వుతుంది.

వంటింటి పక్క గోడకు మా ఇంట్లో ఒక బోర్డు ఉంది. పైన వారం పేరు ఉంటుంది. రోజూ పొద్దున పాప అది పైకి చదువుతుంది. కింద ఆ రోజు జరగబోయేవి ఫొటోలుగా అతికి ఉంటాయి. బ్రష్షు, టిఫిను, స్కూలు వ్యాను, ఊయల. ఏ పని అయితే ఆ ఫొటో పీకి కింద ఉన్న ఐస్‌క్రీమ్ డబ్బాలో వేస్తుంది. మర్నాడు అందులోంచి తీసి, ఆ రోజుకు కావలసినవి మళ్ళీ అతికిస్తుంది. మంగళవారం, శుక్రవారం మేడమ్ ఫొటో కూడా ఎక్కుతుంది. మా ఆవిడ ఫోన్‌తో తీసిన ఫొటో అది, ఒక కన్ను సగం మూతపడి ఉంటుంది. "గిదేం ఫొటో అమ్మా, తాగినట్టున్న" అని గొడవపడ్డారు గానీ, పాపకు అలవాటైందని మార్చనివ్వలేదు.

ఒక వానాకాలం శుక్రవారం రోడ్లన్నీ మునిగి మేడమ్ రాలేకపోయారు. మాకు ఫోన్ చేసి చెప్పారు. మేం పాపకు చెప్పలేదు. సాయంత్రమంతా తలుపు దగ్గర నిలబడి, చివరికి తలుపుకేసి తల బాదుకుంది. మర్నాడు మేడమ్ వచ్చి ఆ బొప్పి చూశారు.

"రానని మీకు చెప్పిన. మీరు ఆమెకెందుకు చెప్పలె?"

"అర్థం కాదేమోనని..." అన్నాను.

"అర్థమయ్యేటట్టు చెప్పుడు మన పని సార్, ఆమెది కాదు. మంచి సంగతైతే ఉరికొచ్చి చెప్తరు. చెడ్డది గూడ చెప్పాలె. ఆమె జిందగీల ఏమైతున్నదో ఆమెకు తెల్వద్దా?"

అక్కడే కూర్చుని ఒక ప్లాస్టిక్ ముక్క మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో అడ్డంగా రెండు గీతలు గీశారు. ఏదైనా ఆ రోజు లేకపోతే ఆ ఫొటో మీద దాన్ని అతికించాలి. ఇవాళ లేదు అని దానర్థం. నాలుగైదు వారాల్లో పాపకు అది వచ్చేసింది. స్కూలు సెలవైనా, ఊయల విరిగినా ఎర్రగుర్తు చూసి వెళ్ళిపోయేది. మా ఇంట్లో చాలా సాయంత్రాలు ఆ ప్లాస్టిక్ ముక్క వల్ల ప్రశాంతంగా గడిచాయి.

అందుకే మేడమ్ పోయాక వచ్చిన మంగళవారం ఆవిడ ఫొటో మీద నేను ఎర్రగుర్తు పెట్టాను. పాప చూసింది, వెళ్ళి ఆడుకుంది. హమ్మయ్య అనుకున్నాను. శుక్రవారం మళ్ళీ పెడితే ఆ గుర్తు తనే తీసేసి, చెప్పుల స్టాండ్ దగ్గరికి వెళ్ళి, తన చెప్పులు పక్కకు జరిపి మేడమ్ చెప్పులకు చోటు చేసి కూర్చుంది. నేను మళ్ళీ గుర్తు పెట్టాను. మళ్ళీ తీసేసింది. అప్పుడు మా ఆవిడ మేడమ్ ఫొటోనే పీకి డబ్బాలో వేసింది. పాప పెద్దగా అరిచి పరుగెత్తుకొచ్చి బయటికి తీసింది. జరగని పనిని డబ్బాలో వేయకూడదు, మేం నేర్పిన నియమమే. జరిగినా మర్నాడు మళ్ళీ బోర్డెక్కాల్సిందే.

అప్పుడు తెలిసింది మేం చేసింది. ఎర్రగుర్తు ఉంటే ఇవాళ లేదు, ఇంకోరోజు ఉంది. డబ్బాలో ఉంటే ఇవాళ్టికి అయింది, మళ్ళీ ఉంది. ఆరేళ్ళలో పాపకు నేర్పినవన్నీ తిరిగి వచ్చేవే. తిరిగి రానిదానికి ఒక గుర్తు కావాలని మా ఇద్దరికీ తట్టలేదు, మేడమ్‌కూ తట్టలేదు. ఆ రోజు ఆవిడ మీద నాకు చాలా కోపం వచ్చింది. ఫోన్ చేసి అడుగుదామని చెయ్యి జేబులోకి పోయింది కూడా.

"మేడమ్ అయ్యింటే ఏం చేసుండేది?" అంది మా ఆవిడ.

"చూపించుండేది" అన్నాను. ఏం చూపిస్తారో నాకూ తెలియదు.

దాని తర్వాతి మంగళవారం పాప మేడమ్ ఫొటో బోర్డు మీద పెట్టలేదు. డబ్బాలోనూ లేదు. ఎక్కడ దాచుకుందో మేం వెతకలేదు. మధ్యలో జరిగింది తొమ్మిదోనాటి దినాల సంగతి, అది చెప్పి ముగిస్తాను.

కూకట్‌పల్లిలో వాళ్ళిల్లు పాప అంతకుముందు ఎన్నడూ చూడలేదు. కార్లో మా ఆవిడ "మేడమ్ ఇంటికి పోతున్నాం" అంది. వేరేలా చెప్పాల్సిందేమో. గుమ్మం పక్కన చాలా చెప్పుల మధ్య మేడమ్ చెప్పులు ఇంకా ఉన్నాయి. పాప వాటిని గుర్తుపట్టింది. హాల్లో దండ వేసిన పెద్ద ఫొటో ముందు నుంచే నడిచి వెళ్ళింది, దాని వైపు చూడలేదు. అందులో మేడమ్ పట్టుచీరలో, రెండు కళ్ళూ తెరిచి ఉన్నారు. ఆ మనిషి పాపకు తెలియదు. నేరుగా లోపలి గదుల్లోకి పోయింది.

"ఎవరి పిల్ల? పట్టుకోండి" అన్నారెవరో. నేను లేవబోయాను.

"ఉండనియ్యుండ్రి. చూస్కోనియ్యుండ్రి" అంటూ మేడమ్ భర్త లేచారు. ఆయన పాపను చూడడం అదే మొదలు, కానీ ఆరేళ్ళుగా ప్రతి మంగళవారం రాత్రీ పాప సంగతులు వింటూనే ఉండి ఉండాలి. పాత ఇల్లు, పగలైనా గదులు చీకటిగా ఉన్నాయి. ఆయన పాప వెనకే నడుస్తూ ఒక్కో గదిలో లైటు వేశారు. పాప తలుపు వెనక చూసేది, మంచం అవతల చూసేది, బయటికి వచ్చేది. ఆయన లైటు ఆర్పి తర్వాతి గదికి నడిచేవారు. పడకగది, వంటగది, దేవుడి గది, స్నానాలగది. "నేను గూడ గిట్లనే దేవులాడుతున్న బిడ్డా" అన్నారు ఒకచోట, నెమ్మదిగా.

చివరిది సామాన్లు పెట్టుకునే చిన్న గది. పాప నలువైపులా చూసి, "మేడమ్ లేదు" అంది.

"లేదు బిడ్డా."

"మంగళవారం?" అంది పాప.

నేను గుమ్మంలో ఉన్నాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"మంగళవారం గూడ లేదు" అన్నారాయన.

"బుధవారం?"

"లేదు."

"గురువారం?"

"లేదు బిడ్డా."

శుక్రవారం దగ్గర పాప ఆయన ముఖంలోకి చూసింది. పాప ఎవరి ముఖంలోకీ చూడదు. ఆయన లేదన్నారు. శనివారం అడిగింది, లేదన్నారు. ఆదివారం అడిగింది. అందరికీ అంత నిబ్బరంగా ఫోన్లు చేసిన మనిషి, ఆ మాట దగ్గర నోరు తెరిచి, చెప్పలేక, గోడకు చెయ్యి ఆనించారు. పాప తొందరపెట్టలేదు. జవాబు వచ్చేదాకా నిలబడి ఉంది. ఆయన తల అడ్డంగా ఊపారు.

"సోమవారం?"

మళ్ళీ ఊపారు. పాపకు వచ్చిన వారాలన్నీ అయిపోయాయి. ఇంకొకటి ఉందేమోనని పెదాలు కదిలించి చూసుకుంది, దొరకలేదు. మడమలెత్తి స్విచ్చు అందుకుని ఆ గదిలో లైటు తనే ఆర్పింది.