రోడ్డు మీద వండిన విత్తనం

జొన్నరవ్వతో వండే గట్క పేదోళ్ల తిండి అని ఎవరైనా అంటే నాకు ఈరోజుకీ ఒళ్లు మండుతుంది. తెలంగాణ కోసం కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు పెట్టుకున్నప్పుడు మా ఊరి ఆడవాళ్లంతా సన్నబియ్యం తెస్తామన్నారు. మన రాష్ట్రం అడుగుతూ మన తిండికి సిగ్గుపడితే ఎట్లా అని అందరితో పేచీ పెట్టుకుని, జొన్న గట్క నేనే తెస్తానని మాటిచ్చాను. జగిత్యాలలో డిగ్రీ చదువుతున్న రోజులు. నోటికి అదుపు లేదు.

మా చుట్టూ అంతా వరి, పసుపు, మక్క. అమ్మ ఒక్కతే ఎకరం మెట్ట చెలకలో ఏటా వానాకాలం పోయాక యాసంగికి పచ్చజొన్న వేసేది. ఆ చెలక రోడ్డును ఆనుకుని ఉంటుంది. దాన్ని ప్లాట్లకు ఇప్పించాలని బాపు తమ్ముడు, మా చిన్నబాపు, ఇంటి చుట్టూ తిరుగుతుండేవాడు. దుబాయిలో ఉన్న బాపు ఫోన్లో తేల్చి చెప్పాడు. అమ్మ విత్తినన్నాళ్లు చెలక ఉంటుంది, ఏ యాసంగికి పడావు పడితే ఆ యాసంగికే ఇచ్చేయాలి.

వంటావార్పు రోజు పొద్దున్నే అమ్మ కలుపుకు పోయింది. డబ్బాలో చూస్తే గుప్పెడు జొన్నలు లేవు. అటక మీద, పేడతో మూతి అలికిన కుండ కనిపించింది. మూత పగలగొడితే బూడిద, వేపాకు కలిపిన జొన్నలు. పురుగు పట్టకుండా ఎంత బాగా దాచిందో అని మురిసిపోతూ చెరిగి గిర్నీకి తీసుకెళ్లాను. గిర్ని సాయబు గుప్పెట్లోకి తీసుకుని, ఇవి ఇత్తనాలు కావు గదా బిడ్డా అని అడిగాడు. ఆలస్యమవుతోందని విసుక్కుని రవ్వ పట్టించాను.

రోడ్డు మీద గట్కకు మంచి పేరొచ్చింది. అమ్మ కూడా వచ్చి పంక్తిలో కూర్చుంది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఏ కుండల తీసినవ్?"

చెప్పాను. అమ్మ ముఖంలో నెత్తురు లేదు. ఆ వారమే విత్తాల్సిన మా పచ్చజొన్న విత్తనం ఏ దుకాణంలోనూ దొరకదు, ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేదు. ఎదురుగా కూర్చున్న చిన్నబాపు రెండోసారి వడ్డించుకుంటూ నవ్వాడు.

"ఇత్తనం గూడ తిన్నం గద వదినా. గా చెల్క ముచ్చట ఇగ తెగినట్టే."

నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం పళ్లెంలో మెతుకు మిగల్చకుండా తిని, చెయ్యి కడుక్కుని లేచింది.

"నా పెద్దబిడ్డ ఒళ్లె పోసిన జొన్నలున్నయి. పోయి పట్కరా."

అక్కను సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లికి ఇచ్చాం. ఒడిబియ్యం పోసిన రోజు అమ్మ బియ్యంతో పాటు జొన్న విత్తనం కూడా ఆమె ఒడిలో పోసింది. మరమగ్గాల ఇంటికి జొన్నలెందుకని అత్తగారివాళ్లు ఎన్నాళ్లో నవ్వుకున్నారు. అప్పుడు నేను కూడా సిగ్గుపడ్డాను.

తెలంగాణ సమ్మెకు బస్సులు బంద్. తెల్లవారి ఆటోలు మారుతూ, రాస్తారోకోల దగ్గర దిగి నడుస్తూ వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. అక్క ముందు కడుపునిండా తిట్టింది. తర్వాత పెరట్లోకి తీసుకెళ్లి చూపించింది. నవ్వినవాళ్ల ఎదురుగానే, గోడ పక్కన ఉన్న జానెడు జాగాలో ఏటా విత్తి, ఆ విత్తనాన్ని బతికించుకుంది. నాకు బొట్టు పెట్టి, చున్నీ పట్టమని ఐదు దోసిళ్లు పోసి, మిగతాది సంచిలో కట్టింది. పెళ్లికాని పిల్లకు ఒడి నింపుతారా అన్నాను.

"నీకు గాదు. గా చెల్కకు పోస్తున్న."

మూడోనాడు అమ్మ నాగలి వెంట నడుస్తూ విత్తుతుంటే, చిన్నబాపు ప్లాట్లాయనను, కొలిచే టేపును వెంటబెట్టుకుని వచ్చాడు. అమ్మ చెయ్యి ఆగలేదు.

"కొలుసుకో మర్ది. కాలు మాత్రం సాళ్లల్ల పెట్టకు."

వాళ్లు టేపు విప్పకుండానే గట్టు మీద నుంచే వెనుదిరిగారు.

రాష్ట్రం వచ్చింది. పక్క చెలకలన్నీ ప్లాట్లయ్యాయి. వాటిలో చాలావరకు ఇప్పటికీ పిచ్చిగడ్డే పెరుగుతోంది. మా ఎకరంలో మాత్రం జొన్న ఉంది, ఇప్పుడు విత్తేది నేను. ధర చెప్పమని వచ్చేవాళ్లను గట్టు దాటనివ్వను. కంకులు కొట్టగానే, ఒక్క గింజ తినకముందే, విత్తనంలో సగం తంగళ్ళపల్లికి పంపాలి. అది అమ్మ పెట్టిన కట్టుబాటు. చదువుకున్నోళ్లున్న ఇంట్లో విత్తనమంతా ఒక్కచోట ఉంచొద్దంటుంది.