అమ్మోరి ఎడమ పువ్వు

మా ఇంటి దేవతకు కండ్లు లేవు. బద్వేలు అవతల మా చేని గట్టున చిన్న గుడిలో ఉండాది, పసుపు పూసిన మోకాలెత్తు రాయి. ఏ పెద్ద పని తలపెట్టినా మావాళ్లు ఆమెను పూలడుగుతారు. తడిపిన గన్నేరు పూలు రెండు రాయికి చెరోపక్క అతికిస్తారు. మా అమ్మ గంట కొడతాది. గంట ఆగేదాకా అందరూ కండ్లు మూసుకోవల్ల. తెరిచేసరికి కుడి పువ్వు రాలింటే సరేనన్నట్టు, ఎడమది రాలింటే వద్దన్నట్టు. డిగ్రీ చదివి ఎరువుల అంగడి పెట్టుకున్నోణ్ణి, ఈ పూల మీద నమ్మకం లేదని చెప్పుకుని తిరిగేవాణ్ణి.

కిడ్నీలు రెండూ పోయినాక ఆ రోషమూ పోయింది. వారానికి మూడుసార్లు కడపకు బస్సులో పోయి డయాలసిస్ చేయించుకుంటాంటి. గుక్కెడు నీళ్లు తాగాలన్నా భయమే. అమ్మకు షుగరు, నా భార్య కిడ్నీ నాకు కలవలేదు. కలిసింది రాయచోటిలో ఉండే మా చెల్లెలిది ఒక్కటే. నోరు తెరిచి నేను అడగలేదు. ఆమె వచ్చినప్పుడల్లా వాచిన కాళ్లు కనపడేటట్టు మంచం మీద కూచునేవాణ్ణి, అంతే. అది అడగడం కాక ఇంకేమి?

చెల్లెలి అత్త ఒకటే మాట అనింది. "పూలడగండి. అమ్మోరు సరేనంటే నేను అడ్డం రాను."

పూలడిగే పొద్దు రాయికి దగ్గరగా కూచున్నా. గంట మొదలైంది. ప్రాణం మీద తీపి, నా కండ్లు మూతపడలేదు. ఎడమ పువ్వు జారి కింద పడింది. దాన్ని తీసి, నాలుకతో తడిచేసి, మళ్లీ అతికించినా. అమ్మోరికి ఎంగిలి పువ్వు పెట్టినోణ్ణి నేను. వేలు తీసీ తీయకముందే కుడి పువ్వు దానంతటదే పడింది. దాన్ని నేను ముట్టలేదు.

కర్నూల్లో ఆసుపత్రివాళ్లు చెల్లెల్ని ఒంటరిగా కూచోబెట్టి, ఎవరన్నా బలవంతం చేస్తాండారా అని అడిగినారంట. లేదని చెప్పిందంట. ఆపరేషన్ బాగా జరిగింది. కడుపునిండా నీళ్లు తాగినా.

నేను పువ్వు అతికించిన పొద్దు మొదలు మా అమ్మోరు ఎవరికీ వద్దనలేదు. పెండ్లి సంబంధానికి అడిగినా, బోరుకు అడిగినా కుడి పువ్వే. ఎడమది ఎండి నల్లబడేదాకా రాయికి అంటుకోనుండేది. జనం సంబరపడి పక్క ఊర్లనుంచి గూడా వచ్చేది మొదలుపెట్టిరి. నేను మాత్రం పట్టపగలు గూడా ఆ గట్టు తొక్కకుండా చుట్టు తిరిగి పోయేవాణ్ణి. నా ఎంగిలితో ఆమె నోరు కట్టేసినానేమో అనిపించేది.

పోయిన నెల చెల్లెలు అత్తతో వచ్చింది, మళ్లీ పూలడగడానికి. ఒక్క ఆడపిల్ల చాలదంట, అత్తకు మనవడు కావల్ల. చెల్లెలు మొదటి కాన్పే గండమైన మనిషి, ఇప్పుడు ఉండేది ఒకటే కిడ్నీ. ఇంకో కాన్పు వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అమ్మోరు సరేనంటే డాక్టరు ఎవరు, అంటాది అత్త.

చెల్లెల్ని పక్కకు పిలిచి నేను చేసిన పాడుపని చెప్పేసినా. "ఈడ అడగొద్దమ్మా. ఆమె కుడిదే ఇస్తాది."

చెల్లెలు నింపాదిగా కొంగు సర్దుకునింది. "తెలుసులేన్నా. ఆ పొద్దు నేనూ కండ్లు మూసుకోలేదు."

"చూసి గూడా కిడ్నీ ఎందుకిస్తివి?"

"నువ్వు పువ్వు మళ్లీ పెడతాంటే, అమ్మోరిని కాదు, నన్నే అడుగుతాండావనిపించింది. కాదనలేకపోతి." గుడి దిక్కు చూసి అనింది, "ఇప్పుడు నేనడుగుతాండా. ఈసారి ఎడమది నువ్వే రాల్చు."

గంట మొదలైంది. అత్త కండ్లు మూసుకునింది. ఎడమ పువ్వును గోటితో ఊడదీసి కింద పెట్టినా. అప్పటికే కుడిది జారుతాండాది. అరచేత్తో అదిమిపట్టినా. రాయి లోపల్నుంచి ఎవరో తోస్తాన్నట్టే ఉండె. గంట ఆగేదాకా చెయ్యి తీయలేదు. చెల్లెలు నన్నే చూస్తాండాది.