సారు చెప్పిన కొరియా

ధర్మవరంలో మా నాయన తర్వాత మగ్గం మీద కూర్చున్నవాణ్ణి నేనే, దిగిపోయినవాణ్ణీ నేనే. మరమగ్గాల చీరలు వచ్చాక చేత్తో నేసిన పట్టును అడిగేవాళ్లు తగ్గిపోయారు. కారు నడపడం నేర్చుకుని, పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కొరియా ఇంజనీరుకు డ్రైవరుగా చేరాను. ఆయనకు యాభై దాటాయి. కుటుంబాన్ని కొరియాలోనే ఉంచి, హిందూపురంలో ఇల్లు అద్దెకు తీసుకుని ఒక్కడే ఉండేవాడు. ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రమే. అందులోనే నాలుగు తెలుగు మాటలు కలిపి మాట్లాడుకునేవాళ్లం. నన్ను "తమ్ముడూ" అని పిలిచేవాడు.

ఒక ఆదివారం హిందూపురం మార్కెట్లో ఆయన పెద్ద క్యాబేజీ ఒకటి చేతిలోకి తీసుకుని ధర అడిగాడు. "ఇరవై ఇయ్యి సార్" అంది అమ్మే ఆమె. ఆయన నమ్మలేనట్టు నావైపు చూశాడు. తమ దేశంలో ఆ డబ్బుకు నాలుగు ఆకులు కూడా రావన్నాడు కారెక్కాక. అక్కడ డ్రైవరుకు నెల జీతమెంతని అడిగాను. ఆయన చెప్పింది రూపాయల్లోకి మార్చి చూస్తే నా ఎనిమిది నెలల జీతమయింది.

ఇంటికెళ్లి చెబితే నా భార్య చేతిలో పని ఆపేసింది.

"ఆ సారునే అడగొచ్చు గదా? మూడేండ్లు ఆడ పన్జేసొస్తే సాలు. ఈడ ఎంతకాలమని ఇట్లే ఉంటాం?"

వారం దాకా నోరు రాలేదు. చివరికి పెనుకొండ దారిలో అడిగేశాను. ఆయన కారు పక్కకు ఆపమన్నాడు. ఫోన్లో ఒక గది ఫోటో చూపించాడు. ఒక మంచం, ఒక బల్ల, అంతే. కిటికీ కూడా లేదు.

"మా అబ్బాయి గది. పెద్ద చదువు చదివాడు. మూడేళ్లుగా ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఆ గది అద్దె నీ జీతం కంటే ఎక్కువ తమ్ముడూ." ఫోను జేబులో పెట్టుకుంటూ, "ఇక్కడి పని అయిపోతే నన్నూ ఇంటికి పంపేస్తారు. ఈ వయసులో మళ్లీ ఎవరిస్తారు ఉద్యోగం?" అన్నాడు.

నేను నమ్మలేదు. నన్ను తీసుకెళ్లడం ఇష్టంలేక అలా అంటున్నాడనుకున్నాను. ఆ తర్వాత ఆయన ఎప్పుడు పలకరించినా ముక్తసరిగా జవాబిచ్చేవాణ్ణి. పని ముగిసి వెళ్లిపోయే రోజు విమానాశ్రయంలో ఆయన నన్ను కావలించుకుంటే బిగుసుకుని నిలబడ్డాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఏడాదికి ఆయన దగ్గర్నుంచి ఒక ఫోటో వచ్చింది. ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర, వాచ్‌మన్ దుస్తుల్లో, మంచు ఎత్తిపోసే పార పట్టుకుని ఉన్నాడు. కొత్త ఉద్యోగమట. నా భార్యకు చూపించాను.

"జీతమెంతంట?" అంది.

ఆయన రాసింది చెప్పాను.

"వాచ్‌మన్‌కే అంతిస్తారా! అప్పుడే గట్టిగా అడిగుండాల్సింది నువ్వు."

ఆ గది సంగతి, కొడుకు సంగతి చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన తర్వాత వచ్చిన ఇంజనీరు ఫ్యాక్టరీ బస్సులోనే తిరుగుతుండడంతో నా డ్రైవరు పని అప్పటికే పోయింది. హిందూపురం, పెనుకొండల మధ్య అద్దె ఆటో తోలుతున్నాను. నాలాంటివాడు అక్కడి బతుకూ కష్టమేనంటే ఇంట్లో ఎవరు వింటారు?

"చలి జాగ్రత్త సార్" అని ఆయనకు జవాబు పంపాను. ఆటో సంగతి మాత్రం రాయలేదు.