దూది కలిపిన పిడక

ఉగాది మరునాడు కైరుప్పలలో పిడకల పోరు మధ్య నిలబడి నేను ఒక మనిషి పుర్రె పగలగొట్టాను. రక్తం కాలువ కట్టింది. మొదలు నరికిన చెట్టులా ఆ మనిషి కూలిపోతే నలుగురు మోసుకుపోయారు. ఆదోనిలో టీ అంగడి బెంచీ మీద ఈ సంగతి ఇలాగే చెబుతాను. కాగితం మీదికి వచ్చేసరికి చెయ్యి సాగడం లేదు. పగిలింది నా తల. అందులోనూ పుర్రె కాదు, కుడి కనుబొమ్మ. మోసినవాళ్లెవరూ లేరు, ఒక్క మనిషి రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయింది. రక్తం మటుకు నిజం. నా పంచె మీద ఎంత దూరం పాకిందో మా ఇంటిదాన్ని అడగండి, ఉతికింది ఆమే.

కుడి కన్ను సంగతి ముందు చెప్పాలి. నాకున్నది అదొక్కటే. ఎడమది దొంగలతో కొట్లాటలో పోయిందని కొందరికి, చిరుత పంజా విసిరిందని ఇంకొందరికి చెప్పి ఉన్నాను. అసలు అది పోయింది ఆదోనిలో నేను ఫిట్టరుగా చేసిన పత్తి ప్రెస్సులో. దూదిని అణచి బేలు కట్టేటప్పుడు చుట్టూ బిగించే ఇనుప పట్టీ తెగింది. బిగువు మీదున్న పట్టీ తెగితే కత్తే. ముఖాన్ని అడ్డంగా కోసుకుంటూ పోయింది. ఎదురుగా తెల్లటి బేలు మీద ఎర్రగా చిమ్మింది. రెండు కళ్లతో నేను చూసిన ఆఖరి రంగు అదే.

పని మానుకున్నాక మిగిలిన కన్నుతో ఏం చేయాలో తెలియక రైఫిలు పట్టాను. గురి చూసేవాడు ఎటూ ఒక కన్ను మూసుకోవాలి, ఆ పని నాకు దేవుడే చేసి పెట్టాడు. నాది గాలి రైఫిలు. మందు ఉండదు, పొగ ఉండదు, పేపరు మీద గీసిన వలయాలను కొట్టడమే దాని పని. రాయలసీమలో నా అంత గురి ఎవడికీ లేదని చెప్పుకుంటాను. ఆదోనిలో నాకంటే బాగా కొట్టేవాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. కానీ గుండ్లను నా అంత చాదస్తంగా ఏరేవాడు మాత్రం లేడు. ఇది అబద్ధం కాదు.

ఆ చాదస్తం మా మేనమామ వల్ల పట్టింది. ఆయనది తుగ్గలి పక్క పల్లె. బుడ్డల చేలో వేరుశెనగ కాయలు పెకలించి తినే అడవి పందుల కోసం బర్మారు తుపాకీ పెట్టుకున్నాడు. మూతి నుంచి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, గుండు దించి, కడ్డీతో దట్టించి కాల్చే రకం. మందుకు ఆయన కొలత అరచేతి గుంట. కోపం వస్తే ఆ గుంట పెద్దదయ్యేది. పందులు చేనంతా దున్నిపోయిన రోజు ఆయన అరచెయ్యి నిండి పొర్లింది. నేను పక్కనే ఉన్నాను. తుపాకీ పందిని వదిలేసి ఆయన్నే కొట్టింది. గొట్టం జొన్నపొత్తు ఒలిచినట్టు విచ్చుకుంది. బొటనవేలు బుడ్డల చెట్ల మధ్య దొరికింది. గోరు కింద మట్టి అలాగే ఉంది. తువ్వాలు చుట్టి ఆసుపత్రికి తెస్తుంటే దారి పొడుగునా ఆయనది ఒకటే మాట.

“పంది సచ్చిందేమప్పా?”

“సచ్చింది మామా.”

చావలేదు. ఆ అబద్ధం గురించి నాకు పశ్చాత్తాపం లేదు.

అప్పటినుంచి తూకం చూడని గుండు అంటే భయం. నా రైఫిలు గుండు గోళీలా గుండ్రంగా ఉండదు. నడుం సన్నగా, వెనక పావడాలా విచ్చుకుని, మూతి బల్లపరుపుగా ఉండే సీసపు ముక్క. బల్లపరుపు మూతి పేపరును చింపకుండా శుభ్రంగా కోస్తుంది. ఒకే డబ్బాలో పుట్టినా అన్నీ ఒక బరువుండవు. కంసాలి కాటా మీద ఒక్కొక్కటే పెడితే బయటపడతాయి. తేలిక గుండు తొందరపడి పైకి పోతుంది, బరువుది కిందికి దిగుతుంది, పావడా నొక్కుకున్నది పక్కకు తిరుగుతుంది. పైగా ఏ రకం గుండు పడుతుందో ఆ గొట్టానికే తెలియాలి. ఖరీదైన గుండ్లను ఉమ్మేసి, చవక రకాన్ని ముద్దాడే రైఫిలు నాది. ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిన దళసరి బట్టకు లోపల గోనె వేసి కోటు కుట్టించుకున్నాను. అది తొడిగితే ఒళ్లు వంగదు, గుండె దడ రైఫిలుకు అందదు.

ఉగాది తర్వాతి ఆదివారం ఎమ్మిగనూరులో, మగ్గాలు తీసేసిన ఒక పాత షెడ్డులో మాలాంటి ముసలోళ్ల పోటీ ఉంటుంది. ఏడాదంతా దానికోసమే బతుకుతాను. ఈసారి ఆ ఆదివారానికి ముందు కైరుప్పల వచ్చి పడింది.

కైరుప్పల మా అత్తగారి ఊరు. వీరభద్రుడూ కాళమ్మా ఒకరినొకరు ఇష్టపడ్డారని, పెళ్లి మాట దగ్గర తేడా వచ్చి అమ్మవారి వైపువాళ్లు ఆయన్ని పిడకలతో కొట్టారని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. ఏటా ఊరు రెండుగా చీలి ఆ కొట్లాటే మళ్లీ కొట్టుకుంటుంది. తర్వాత దేవుళ్లకు పెళ్లి. దెబ్బ తగిలినవాడు గుడిలో విభూతి పూసుకుని ఇంటికి పోవాలి. మా అత్తగారి వీధిలో ఇంకో కట్టుబాటు కూడా ఉంది: కొట్టిందెవరని అడగకూడదు. ప్రతి ఏడూ ఆ పోరులో దిగి పదిమందిని పడగొట్టానని నేను చెప్పుకునేవాడిని. ప్రతి ఏడూ మిద్దె మీద తువ్వాలు కప్పుకుని చూసేవాడిని.

అది తెలిసినవాడు మా బామ్మర్ది. ఒకనాడు ఆదోనికి పత్తి అమ్మడానికి వచ్చి, మా పెరట్లో నేను పేపరు కొడుతుంటే గోడకానుకుని చూశాడు.

“బాగుంది బావా. ఈ కాయితం తిరిగి కొట్టదు కదా, అందుకే నీకు ఇంత ధైర్నం.”

“ఈ ఉగాదికి సూస్తువులే నా ధైర్నం.”

“మిద్దె మీదనుంచేనా? తువ్వాలు కొత్తది కొనుక్కో మల్ల.”

నోటి నుంచి మాట జారింది, ఇక వెనక్కి రాదు. విన్న మా ఇంటిది చేట కింద పెట్టింది.

“ఉండేది ఒక కన్ను. అది కూడా పోగొట్టుకోని వస్తే నిన్ను బయటికి తోడుకోని పోయేదెవురు? నేనేనా? పోరుకి పోవద్దు, పోతే ఎమ్మిగనూరు మర్సిపో.”

“నా కన్నుకు ఏమీ కాదు. గుండు విద్దె తెలిసినోన్ని నేను.”

“నీ నోటికి ఏమన్నా ఐతే బాగుండు.”

ఆ మాట గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఇక పిడకలు చేయడం మొదలుపెట్టాను. ఊళ్లో పిడకలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి పచ్చి. విసిరితే ఒక్కోటి ఒక్కో దారి పడుతుంది, సగం గాల్లోనే పొడి అయిపోతాయి. గుండు విద్య తెలిసినవాడికి అది అవమానంగా తోచింది. పేడను మా ఇంటిది పిసికి ఇచ్చింది. దానిలో నల్లరేగడి కొంచెం, మిల్లు వాకిట్లో ఎగిరే దూది తుక్కు కొంచెం కలిపాను. నీళ్ల పైపు కోసిన ఉంగరంలో వేసి అణచి, అన్నీ ఒకే కొలతకు తీశాను. తిప్పి తిప్పి ఎండబెట్టాను. చివరికి కాటా మీదికి ఎక్కించాను.

“పిడకలకు కాటానా! ఓయమ్మో, వీధిలో సెప్తే ఉమ్ముతారు.”

“ఇది తేలిక పడింది, పారేయి.”

“ఎందుకు పారేయాల? మా అమ్మ పొయ్యిలోకైనా పనికొస్తది.” తీసి గోతంలోనే పడేసింది.

ఉగాది రోజే ఆమె ఆ గోతం ఆటోలో వేసుకుని పుట్టింటికి పోయింది. నేను మరునాడు బస్సు దిగాను. దిగీదిగగానే బామ్మర్ది ఎదురొచ్చి నన్ను కాళమ్మ గుంపు నుంచి అవతలికి తోశాడు.

“ఈడ కాదు బావా. మాది అమ్మోరి పక్క. అమ్మోరు మా ఆడబిడ్డ. నువ్వు అల్లునివి, అల్లుండ్లంతా పెండ్లికొడుకు పక్క. ఆడికి పో.”

“నా గోతం?”

“గోతమా? అక్క నిన్ననే మా కుప్పలో పోసింది. అన్నీ ఒక అచ్చులో పోసినట్టు ఉండాయి, భలే సేసినావు.”

మిద్దె మీద నుంచి చూసినవాడికి ఎవరు ఎటు నిలబడతారో ఎలా తెలుస్తుంది? నేను తూచి, అణచి, ఎండబెట్టిన మందుగుండంతా ఎదుటివాళ్ల కుప్పలో ఉంది.

ఆనవాయితీ ప్రకారం పక్క ఊరి పెద్దమనిషి గుర్రం మీద వచ్చాడు, పూజ అయింది, డప్పు దరువు మారింది, అంతే. జనం ఒకరి మీదికి ఒకరు విరుచుకుపడ్డారు. దుమ్ములో ఆకాశం కనిపించలేదు. మొదట ఊరి పిడకలు వచ్చాయి. వీపు మీద పడి అప్పడాల్లా విరిగాయి, కేకలు, ఈలలు, నవ్వులు. పిడకలో ఒక దయ ఉందని నాకు అప్పుడు అర్థమైంది. అది విరగడానికే పుట్టింది. నేను దూది కలిపి ఆ దయను తీసేశాను.

నావి రావడం మొదలయ్యాక చప్పుడు మారింది. ‘పట్’ అనేది ‘దబ్’ అంది. నా ముందున్నవాడి చెవి చీలి మెడ మీద ఎర్రగా దారం జారింది. పక్కవాడు ముక్కు పట్టుకుని కూర్చుండిపోయాడు, వేళ్ల సందుల్లో నుంచి రక్తం. ఒకడి పన్ను ఊడి నా కాలి దగ్గర పడింది. ఎవడో అరిచాడు:

“ఏం పిడకలప్పా ఇవి! రాళ్లు పెట్టి సేసినారా నాకొడుకులు!”

ఆపండని గొంతు చించుకుని అరిచానని రాయాలని ఉంది. లావుపాటి మనిషి ఒకడు దొరికితే వాడి వెనక నక్కాను. నా పిడక ఒకటి నేల మీద పడి ఉంది. అంచు కూడా చెదరలేదు. పాపిష్టి మనసు, దాన్ని చూసి గర్వపడింది. చేతిలోకి తీసుకున్నాను. అటు గుంపులో బామ్మర్ది తలపాగా కనిపించింది.

అక్కడే తప్పు చేశాను. పిడకల పోరులో అందరూ ఎగురుతారు, వంగుతారు, పరిగెత్తుతారు. రైఫిలు పట్టినవాడు నిలబడతాడు. నేను పక్కకు తిరిగి, పాదాలు సర్దుకుని, ఊపిరి సగం వదిలి బిగబట్టి, కుడి కన్ను ఒక్కటే తెరిచి నిశ్చలంగా నిలబడ్డాను. అంత మంచి టార్గెట్టు ఆ ఊరి పోరులో ఇంతకుముందు ఎన్నడూ దొరికి ఉండదు.

అది వచ్చింది. తిన్నగా వచ్చింది, వంకర లేదు, ఊగలేదు. నా జన్మలో నేను చేసిన అన్నిటికంటే మంచి గుండు అది. దబ్ అంది. వెలుతురు ఆరిపోయింది.

వేడిగా కంట్లోకి దిగుతోంది. కన్ను ఉందో పోయిందో తెలియలేదు. తడిమితే వేళ్లకు జిగటగా తగిలింది, అది కన్నేననుకున్నాను. చుట్టూ అరుపులు, కాళ్లు నన్ను తొక్కుతున్నాయి. నేను అమ్మా అని అరిచానో, ఎమ్మిగనూరు అని అరిచానో గుర్తులేదు. ఎవరో రెక్క పట్టుకుని లాగారు, గాజులు గీసుకున్నాయి. మా ఇంటిదే. గుడి దగ్గర నొసటి మీద విభూతి మెత్తింది, తర్వాత జీపులో ఆదోనికి తెచ్చి కుట్లు వేయించింది. కట్టు విప్పేదాకా ఏమీ చెప్పలేమన్నారు డాక్టరు.

కట్టుతో మంచం మీద ఉండగా ఆదివారం వచ్చింది, పోయింది. ఎమ్మిగనూరులో రైఫిళ్లు పేలి ఉంటాయి. నాకు కొత్త చీకటి అలవాటవుతోంది. బామ్మర్ది అరటిపండ్లు పట్టుకుని వచ్చాడు.

“నన్ను అన్యాలంగా అనుకోవద్దు బావా. నేను కొట్టలే.”

“ఎవరు కొట్టినారని నేను అడిగినానా? అడగకూడదు కదా.”

“అడగలే గానీ టీ అంగడిలో అంతా నేనే అంటాండారు. నువ్వు సెప్పి పంపిచ్చినట్టుండావు.” అరటిపండు ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టాడు. “సరే గానీ, ఆ పిడకల్లో ఏం కలిపినావు? సెయ్యి ఇడ్సినాంక సూది మాదిరి పోతాండాయి.”

నా గుండు విద్యను ఎవరైనా మెచ్చుకున్నారంటే అది మొదటిసారి. నోరు తెరిచాను. చెవి చీలినవాడు, పన్ను ఊడినవాడు గుర్తొచ్చారు. మూసుకున్నాను.

వాడు పోయాక మా ఇంటిది మంచం పక్కన కూర్చుంది.

“కొట్టింది నేను.”

“నువ్వా!”

“నేను ఆ ఊరి ఆడబిడ్డను కాదా? ఏటా కొడతానే ఉంటా, నువ్వు మిద్దె మీద తువ్వాల కప్పుకుంటే ఏం కనపడతది.”

“కన్నుకు కొట్టినావే!”

“కన్నుకు కొట్టలే. నీ నోటికి గురి పెట్టినా. పైకి పోయింది.” ముక్కు చీదింది. “ఎందుకు పోయిందో నాకు తెల్దు. తిన్నగా నోటికే ఇసిరినా.”

“ఏ పిడక తీసుకున్నావు?”

“నువ్వు పారేయమన్న దాన్నే, కుప్పలో పోయకుండా కొంగులో కట్టుకున్నా. దెబ్బ తగలకుండా ఉంటదని.”

కట్టు కింద నవ్వు వచ్చింది, కుట్లు లాగాయి, మంట పుట్టింది. తేలిక గుండు పైకి పోతుంది. ఇన్నేళ్లూ నేను పట్టుబట్టి చెప్పిన పాఠాన్ని ఆమె ఒక్క దెబ్బతో రుజువు చేసింది. ఆ సంగతి చెబితే, “నవ్వుతావేమయ్యా, నేను ఏడుస్తాంటే” అని తొడ మీద గట్టిగా చరిచింది.

కట్టు విప్పాక కన్ను ఉంది. గద్ద చూపు తిరిగొచ్చిందని టీ అంగడిలో చెప్పాను. చూపు తిరిగొచ్చింది, గద్ద రాలేదు. పెరట్లో దూది మూటకు ఆమె పేపరు గుచ్చింది. కోటు తొడిగి, ఏరిన గుండు పెట్టి కొట్టాను. వలయాలు నీళ్లలో చంద్రుడిలా కదిలాయి. గుండు ఎక్కడ పడిందో నాకు కనిపించలేదు. ఆమె పోయి వంగి చూసింది.

“నడిమధ్యలో పడింది.”

“నిజమేనా?”

“నేనేమన్నా నువ్వా, అబద్దాలు సెప్పేకి?”

పేపరు తెచ్చి చూపించమని అడగలేదు. ఇంకో గుండు కాటా మీద పెట్టాను.